ఎడమ పక్క వీణ

నాచారం,
12 జూన్ 2025

అక్కయ్యకి, మేడ మీద గది నుంచి బుచ్చి నమస్కారాలు.

ఉప్పల్ నుంచి నాచారానికి సిటీ బస్సులో అరగంట. ఆ దూరానికి స్టాంపు అంటించి ఉత్తరం రాస్తున్నానని నవ్వుకుంటావు. నవ్వుకో. రెండేళ్లుగా మాటల్లేవు కదా, హఠాత్తుగా ఫోన్ చేసి ఏమని మొదలుపెట్టాలో తోచలేదు. మూడుసార్లు నీ నంబరు దాకా వెళ్లి ఆగిపోయాను. పైగా ఈ ఫోన్లలో మాట సరిగా వినపడి చావదు. ఏడాదిలో రెండు మార్చాను, రెండూ ఒకటే రకం. కాజీపేటలో బండి దిగి, డ్రైవర్లం పడుకునే రన్నింగ్ రూములో కూర్చుని నీకు ఇన్‌లాండ్ లెటర్లు రాసేవాడిని గుర్తుందా? అప్పుడు చెయ్యి ఆగేది కాదు. అందుకే ఆ దారినే వచ్చాను.

పని చెబుతాను. కింది ఇల్లంతా సంతోషి వాళ్లకి అద్దెకిచ్చి నేను పైగదిలోకి మారాను. పెళ్లీ పెటాకులూ లేని ఒంటిగాడికి అది చాలు. పది అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల పొడవు. ముప్ఫై నాలుగేళ్లు గూడ్సు బండి ఇంజనులో హారన్లు విన్నవాడిని, ఇకనైనా కాస్త మంచి చప్పుడు వినాలని ఉంది. చిన్న గదికి సరిపడే స్పీకర్ల జత, పదివేలు దాటకుండా, ఏది కొనాలో చెప్పు. ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు టెస్టింగ్ సెక్షన్‌లో పనిచేసినదానివి, నిన్ను కాక ఎవరినడగను?

ఉప్పల్ రింగ్ రోడ్డు దగ్గర ఒక దుకాణానికి వెళ్లాను. శివ అని, దాని యజమాని, నా అంత ఎత్తున్న డబ్బా చూపించాడు. దానికి రంగురంగుల లైట్లు. “బేస్ కొడితె కిటికీలు దడదడలాడుతయి సార్, మస్తుంటది!” అన్నాడు. కిటికీలు కదలడం నాకెందుకు? నాకు కావలసింది మన నాన్న స్పీకరు డబ్బాల్లో వచ్చిన పాట. ఎడమ పక్క వీణ, కుడి పక్క వయొలిన్. ఆదివారం పూట ఆ రికార్డు వేస్తే వీణ నాది, వయొలిన్ నీది అని కొట్టుకునేవాళ్లం. అదే పాట మొన్న ఫోనులో దొరికింది. ఫోనులో వింటే అన్నీ కలిసి గొడవగా ఉంది.

పాత సంగతులు ఎత్తను. నువ్వూ ఎత్తకు.

నీ తమ్ముడు
బుచ్చిబాబు


ఉప్పల్,
19 జూన్ 2025

బుచ్చీ,

బాగుండు. ముందు అది. 

ఎత్తనంటూనే నాన్న డబ్బాలు ఎత్తావు. కాబట్టి నేనూ ఎత్తుతాను. అమ్మ పోయాక మౌలాలి ఇల్లు ఖాళీ చేస్తూ ఆ రెండు డబ్బాలూ పాతసామాన్లవాడికి ఇచ్చేశాను. నువ్వప్పుడు డ్యూటీలో ఉన్నావు. తిరిగొచ్చి, చుట్టాలందరి ముందూ, “నాన్నని తూకానికి వేశావు” అన్నావు. ఆ మాట ఇంకా నా ఒంట్లోనే ఉంది. అయినా పెద్దదాన్ని కదా అని, అమృత పెళ్లిలో నేనే వచ్చి నీ పక్కన విస్తరి ముందు కూర్చున్నాను. నా కూతురి పెళ్లి, వంద పనులున్నాయి, అయినా కూర్చున్నాను. చెప్పాల్సింది చెప్పాను. నువ్వు ఇంకొంచెం చారు పోయమన్నావు. సరే, అదే నీ జవాబు అనుకున్నాను.

ఇక స్పీకర్లు. ఆ లైట్ల డబ్బా జోలికి వెళ్లకు. నీ గదిలో బేస్ ఎక్కువైతే మంచం కింద ట్రంకుపెట్టె కూడా పాడుతుంది. చిన్న గదికి చిన్న డబ్బాలే మంచివి. అయిదంగుళాల కోను, దానిపైన సన్నటి చప్పుడుకి చిన్నది ఇంకోటి, అంతే చాలు. పేరున్న కంపెనీ జత కొత్తది నీ పదివేలలో రావడం కష్టం. మల్లాపూర్‌లో చంద్రయ్య అని చెక్కపని చేసే ఆయన ఉన్నాడు. ఆడిటోరియాలకి స్పీకర్ పెట్టెలు చేస్తాడు. కోన్లు మంచివి తెచ్చి బిగించమను. చిన్న ఆంప్లిఫయర్ కూడా ఆయనే చూస్తాడు. నా పేరు చెప్పు, మా ఫ్యాక్టరీకి పెట్టెలు చేసినవాడే.

గోడకి ఆనించకు, జానెడు దూరం ఉంచు. మూలల్లో పెట్టకు. చిన్న కోను నీ చెవి ఎత్తున ఉండాలి.

అక్క
తారామణి


నాచారం,
27 జూన్ 2025

అక్కయ్యకి, సగం సంతోషంతో, సగం కోపంతో రాస్తున్నాను.

సంతోషం ఏమిటంటే చంద్రయ్యకి పని అప్పగించాను. గది కొలతలు అడిగి ఆయన కూడా నీ మాటే అన్నాడు. “గీ రూముల పెద్ద డబ్బా పెడితె ఆగం ఆగం ఐతది సార్. తారామణి మేడం చెప్పిందంటె ఇగ ఫికర్ చెయ్యకున్రి.” నీ పేరు చెప్పగానే కుర్చీ వేశాడు. మా రైల్వేలో నా పేరు చెబితే ఒక్కడూ స్టూలైనా వేయడు.

కోపం ఏమిటంటే ఆ పెళ్లి సంగతి. నువ్వు నాతో ఏం చెప్పావు? ఒక్క ముక్క చెప్పలేదు. నా పక్కన వచ్చి కూర్చున్నావు, నా కడుపు నిండిపోయింది. ఇప్పుడు మాట్లాడుతుంది, ఇప్పుడు మాట్లాడుతుంది అని విస్తరి వంక చూస్తూ కూర్చున్నాను. నా అంతట నేను మొదలుపెట్టడానికి సిగ్గు. కాసేపయ్యాక తల తిప్పి చూస్తే నీ విస్తరిలో అన్నం అలాగే ఉంది, నువ్వు లేవు. వచ్చి కూర్చుని కూడా మాట్లాడకుండా లేచిపోయిందంటే ఇక నా మొహం చూడదు అనుకున్నాను. బస్సులో ఇంటికొస్తూ ఏడ్చాను కూడా. ఇదిగో, ఒప్పేసుకున్నాను.

చెప్పానని ఎందుకు రాశావో నాకు తెలియదు.

బుచ్చి


ఉప్పల్,
5 జూలై 2025

బుచ్చిబాబుకి,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. నీ చెవికి జానెడు దూరంలో చెప్పిన మాట చెప్పలేదంటున్నావు. మన త్రిమూర్తులు బాబాయి ఎదురు వరసలో కూర్చుని అంతా చూస్తున్నాడు. నా పెదాలు కదలడం ఆయనకి కనపడింది. నీకు మాత్రం వినపడలేదు! క్షమించడం ఇష్టం లేకపోతే లేదని చెప్పు. చెప్పనే లేదని నన్ను అబద్ధాలకోరుని చెయ్యకు. అరవై నాలుగేళ్ల వయసులో ఆ మాట ఇంకోసారి నా నోట రాదు.

కోపం కోపమే, కొలత కొలతే. కవరులో ఒక దారం పెట్టాను చూడు. గుర్తుపట్టావా? నాన్న సిగ్నల్ వైర్లు కొలిచే పురికొస. రెండు ముడుల మధ్య సరిగ్గా ఆరడుగులు. ఎడమ డబ్బా నుంచి కుడి డబ్బాకి ఒకసారి, అక్కడి నుంచి మన కుర్చీకి ఒకసారి, కుర్చీ నుంచి మళ్లీ ఎడమ డబ్బాకి ఒకసారి పట్టుకుని నేల మీద సుద్దముక్కతో గుర్తు పెట్టేవాడు. ఆ గుర్తు మీద కూర్చుంటేనే వీణ వీణలా, వయొలిన్ వయొలిన్‌లా వినపడేది. మనిషికో పాట. నీ వంతు అయ్యేదాకా నువ్వు గడప మీద కూర్చుని వేళ్లు లెక్కపెట్టేవాడివి. నేను కావాలని చివరి చరణం అయ్యాక కూడా లేచేదాన్ని కాదు.

మౌలాలి ఇంట్లోంచి నేను నాకోసం తెచ్చుకున్నది ఈ దారం ఒక్కటే. జాగ్రత్త.

తారామణి


నాచారం,
14 జూలై 2025

అక్కయ్యకి,

దారం అందింది. నాన్న చేతి వాసన ఏమైనా ఉంటుందేమోనని చూశాను. లేదు, నీ బీరువాలోని నాఫ్తలీన్ ఉండల వాసన ఉంది. అదీ మనింటి వాసనే కదా అనుకున్నాను.

స్పీకర్లు వచ్చాయి. చంద్రయ్య స్వయంగా ఆటోలో తెచ్చి బిగించాడు. దారంతో కొలిచి సుద్దగుర్తు పెట్టాను. కుర్చీ వేసుకుని ఆ పాట పెట్టాను. వయొలిన్ వచ్చింది. అచ్చం అదే. మౌలాలి ఇల్లు, నాన్న లుంగీ, అమ్మ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ రావడం, అన్నీ వచ్చాయి. వీణ మాత్రం రాలేదు.

వస్తోంది, కానీ పక్క వీధిలోంచి వస్తున్నట్టుగా. ఎడమ డబ్బాలో ఏదో లోపం ఉంది. చంద్రయ్యని పిలిపించాను. ఆయన నా కుర్చీలోనే కూర్చుని విన్నాడు. “రెండు ఒక్కతీర్గనే మోగుతున్నయి సార్, నాకైతే ఏం ఫరక్ అనిపిస్తలేదు” అన్నాడు. సంతోషిని పిలిచాను. ఆమె కూడా “మంచిగనే వస్తున్నది అంకుల్” అంది. చంద్రయ్య ఎదురుగా కూర్చుని టీ తాగుతున్నాడు కదా, ఆ మొహమాటంతో అలా అందని నా అనుమానం.

నీ పేరు చెబితే కుర్చీ వేసినవాడు ఇలా చేస్తాడా? లేక నాకు మాటే కాదు, వీణ కూడా అక్కర్లేదని మీరంతా అనుకున్నారా? కోపంలో రాశాను, కొట్టేయను. వయొలిన్ నీది కాబట్టి బాగానే వస్తోంది. నా వీణే పోయింది.

బుచ్చి


ఉప్పల్,
20 జూలై 2025

ఒరేయ్ బుచ్చీ,

చంద్రయ్యని నమ్మకపోతే మానెయ్, నన్నూ నమ్మకు. తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవడం నా ఉద్యోగం. మా సెక్షన్‌లో ఒక పద్ధతి ఉండేది. ఒకసారికి ఒక్కటే మార్చాలి. మార్చాక ఏమైందో కాగితం మీద రాయాలి. ఆ తరవాతే ఇంకోటి ముట్టుకోవాలి. నీలాగా అన్నీ ఒకేసారి పీకి చంద్రయ్య మీద కేకలేస్తే ఏదీ తేలదు.

ముందు డబ్బాలు మార్చు. ఎడమది కుడికి, కుడిది ఎడమకి. వైర్లు ఎక్కడివి అక్కడే ఉంచు. డబ్బాలో లోపముంటే ఆ తక్కువ చప్పుడు దానితోపాటు కుడి పక్కకి వెళ్లాలి.

అలా కాకపోతే ఆంప్లిఫయర్ వెనక వైర్లు మార్చు. అప్పుడు వీణ కుడికి, వయొలిన్ ఎడమకి వస్తాయి. లోపం ఆంప్లిఫయర్‌లోనో పాటలోనో ఉంటే వీణే తక్కువగా ఉండాలి.

అదీ కాకపోతే గది తప్పు. ఆ పక్క కిటికీయో పరుపో చప్పుడు మింగేస్తూ ఉండొచ్చు. అప్పుడు కుర్చీని అక్కడికక్కడే వెనక్కి తిప్పి, డబ్బాలకి వీపు పెట్టి కూర్చో. గది తప్పయితే తక్కువ చప్పుడు నీ కుడి చేతి పక్కకి మారాలి.

నిజాయితీగా రాయి. పెళ్లి సంగతి నేనిక ఎత్తను.

తారామణి


నాచారం,
28 జూలై 2025

టెస్టింగ్ ఆఫీసర్ గారికి, ఫిట్టర్ బుచ్చిబాబు రిపోర్టు.

డబ్బాలు మార్చాను. ఎడమ పక్కే తక్కువ. అంటే చంద్రయ్య డబ్బాలు మంచివే. మల్లాపూర్ వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను. “గంత మాటెందుకు సార్” అని మళ్లీ కుర్చీ వేశాడు.

వైర్లు మార్చాను. వీణ కుడికి వచ్చింది. అక్కా, ఎంత బాగుందని! తీగ మీద గోరు తగిలిన చప్పుడు కూడా వినపడింది. కానీ ఈసారి ఎడమకి వెళ్లిన నీ వయొలిన్ చిక్కిపోయింది. 

కుర్చీ వెనక్కి తిప్పాను. అప్పుడు కూడా నా ఎడమ చేతి పక్కే తక్కువ. నువ్వు రాసినట్టు కుడికి మారలేదు. ఇక మిగిలింది కుర్చీ ఒక్కటే కదా అని కుర్చీ మార్చాను. స్టూలు మీద కూర్చున్నాను, మంచం మీద కూర్చున్నాను, చివరికి చాప వేసి నేల మీద కూర్చున్నాను. అంతే. కాబట్టి కుర్చీది కూడా తప్పు లేదు. మరి ఎవరిది తప్పు? నీ పద్ధతిలో ఏదో మర్చిపోయావు.

ఇదిలా ఉండగా సంతోషి నా మీద అలిగింది. మెట్ల మీంచి మూడుసార్లు పిలిచినా పలకలేదట. నా మంచం నుంచి చూస్తే మెట్లు ఎడమ చేతి పక్క. “ఫోన్ల కూడా గట్లనే జేస్తరు అంకుల్, ఎడమ చెయ్యిల పట్టుకొని హలో హలో అంటరు, నా మాట ఇనరు” అంది. ఇంజనులో కుడి చెయ్యి ఎప్పుడూ పని మీదే ఉండేది, వాకీటాకీ ఎడమ చేత్తో పట్టుకునే అలవాటు. ఆమెకేం తెలుసు.

సమాధానం తొందరగా రాయి.

బుచ్చి


ఉప్పల్,
2 ఆగస్టు 2025

నా బంగారు తండ్రీ, బుచ్చీ,

నీ రిపోర్టు చదివి ఉత్తరం ఒళ్లో పెట్టుకుని ఏడ్చాను. పుట్టింటికొచ్చి ఉన్న అమృత పరుగెత్తుకొచ్చి “ఏమైందమ్మా” అంది. నీ ఉత్తరం తన చేతిలో పెట్టాను.

నా పద్ధతిలో ఏదీ మర్చిపోలేదురా. నువ్వు డబ్బాలు మార్చావు, వైర్లు మార్చావు, కుర్చీలు మార్చావు. తక్కువ చప్పుడు ఎప్పుడూ నీ ఎడమ చేతి పక్కే ఉండిపోయింది. కుర్చీతోపాటు తిరిగింది నువ్వొక్కడివే. అది నీ ఎడమ చెవి. రెండు ఫోన్లు మార్చావు, అవీ మంచివే. సంతోషి మూడుసార్లు నిజంగానే పిలిచింది. ముప్ఫై నాలుగేళ్లు ఇంజను కిటికీలో ఏ పక్క కూర్చున్నావు? ఆ హారన్లన్నీ ఏ చెవిలో పడ్డాయి?

ఆ పెళ్లిలో నేను నీకు ఎడమ పక్క కూర్చున్నాను.

రెండేళ్లురా. నేను నీ ఎడమ చెవిలో చెప్పి, నువ్వు పలకలేదని లేచి వెళ్లి, స్టోరు గదిలో అరటిపళ్ల గెలల మధ్య నించుని ఏడ్చాను. నువ్వు బస్సులో ఏడ్చావు. ముప్ఫై ఏళ్లు టెస్టింగ్ చేసి, తమ్ముడి విషయంలో ఒక్క పరీక్ష కూడా చెయ్యకుండా తీర్పు చెప్పేసుకున్నాను. 

నేనన్నది పెద్ద మాటేమీ కాదు. “తప్పయిపోయిందిరా బుచ్చీ, నీకు చూపించకుండా ఇవ్వాల్సింది కాదు” అన్నాను. డబ్బాలు తెరిచి చూస్తే లోపలంతా చెదలు. కోన్లు చేత్తో ముట్టుకుంటే పొడిపొడిగా రాలిపోయాయి. నువ్వు అలా చూస్తే తట్టుకోలేవని, నువ్వొచ్చేలోపే పంపించేశాను. నువ్వు తట్టుకోగలవో లేదో నిర్ణయించడానికి నేనెవరిని?

రేపే రైల్వే ఆసుపత్రికి వెళ్లు, చెవుల డాక్టరుకి చూపించుకో. భయపడకు. ఆంప్లిఫయర్ ముందు వైపు “మోనో” అని చిన్న మీట ఉంటుంది. అది నొక్కితే వీణా వయొలినూ కలిసి రెండు డబ్బాల్లోనూ వస్తాయి. కుడి చెవి ఒక్కటీ చాలు, ఏదీ పోదు.

అక్క


నాచారం,
9 ఆగస్టు 2025

అక్కా,

ఆసుపత్రికి వెళ్లొచ్చాను. ఎడమ చెవి దాదాపు పోయిందట. చాలా ఏళ్లుగా కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చిందట, ఒంటరిగా ఉండేవాళ్లకి తొందరగా తెలియదట. కుడిది వయసుకి తగ్గట్టు బాగానే ఉంది. చెవికి పెట్టుకునే మిషను వల్ల కొంత లాభం ఉండొచ్చు, ఇంకో పరీక్ష చేసి చెబుతామన్నారు. విన్నప్పుడు భయం వేసింది. బయటికొచ్చాక మాత్రం, నువ్వు నమ్ముతావో లేదో, ప్రాణం తేలికపడింది. నా అక్క నాతో మాట్లాడిందన్నమాట. నాకు వినపడలేదు, అంతే కదా.

ఇంటికొచ్చి ఆ మీట నొక్కాను. వీణ వచ్చి వయొలిన్ పక్కన కూర్చుంది. పాట అయ్యేదాకా కళ్లు తుడుచుకోలేదు. ఎవరు చూస్తారని?

సంతోషి దగ్గరికి వెళ్లి ఎడమ చెవి సంగతి చెప్పాను. “అయ్యో, ముందుగాల చెప్తె నేను గిటు దిక్కుకెల్లి పిలుస్తుంటి గద అంకుల్” అంది. నేను ముందుగా చెప్పాలంటే నాకు తెలియాలి కదా.

ఇంకో సంగతి గమనించాను. మోనోలో పెట్టాక సుద్దగుర్తుతో పని లేదు. గుర్తు మీద కూర్చున్నా, పక్కకి జరిగి కూర్చున్నా పాట ఒకేలా ఉంది. నాన్న రోజుల్లో ఆ గుర్తు ఒక్కరికే, మనిషికో పాట. ఇప్పుడు ఇద్దరం ఒకేసారి వినొచ్చు. నువ్వు గడప మీద వేళ్లు లెక్కపెట్టక్కర్లేదు, నేనూ అక్కర్లేదు. అందుకని గుర్తు చెరిపేశాను. దారం మాత్రం మేకుకి తగిలించాను.

కింద నుంచి ఇంకో కుర్చీ పైకి తెచ్చాను. నా కుర్చీకి కుడి పక్క వేశాను. నువ్వు రాసిన ఆ మాట చదివాను, కానీ చదివితే చాలదు. వచ్చి ఆ కుర్చీలో కూర్చుని చెప్పు. నేను కూడా ఒకటి చెప్పాలి, తూకానికి వేశావు అన్నదాని గురించి. అది ఉత్తరంలో రాసేది కాదు.

ఆదివారం రా. హబ్సిగూడ దగ్గర బస్సు మారాలి, మోకాలు జాగ్రత్త. నాచారంలో దిగగానే ఫోన్ చెయ్యి. కుడి చెవికి పెట్టుకుంటాను.

బుచ్చి